గోడ కోయకుండా పాట

పాత ఇళ్ళలో స్పీకర్లకు వైర్‌లెస్ ఒక్కటే దారి కాదు. ఆ ఇళ్ళు ఏనాడో చూపించిన దారి మరొకటి ఉంది

గోదావరి జిల్లాల్లోని మండువా లోగిలి కావచ్చు, చెట్టినాడు మేడ కావచ్చు, గోవాలో ఎర్రని లేటరైట్ రాతితో కట్టిన ఇల్లు కావచ్చు, ఉత్తర కోల్‌కతాలోని పాతకాలపు భవంతి కావచ్చు. ఇలాంటి ఇల్లు వారసత్వంగా దక్కినవారికి ఇవాళ దాదాపు ఒకే రకమైన కోరిక పుడుతోంది. హాల్లో పెట్టిన పాట వంటింట్లోనూ వినిపించాలి, వరండాలోనూ వినిపించాలి. కొత్త ఫ్లాట్‌లో ఇది చిన్న పని. గోడ కట్టేటప్పుడే పైపులు వేస్తారు, ఫాల్స్ సీలింగ్‌లో స్పీకర్లు దాచేస్తారు. పాత ఇంట్లో దాచడానికి చోటే ఉండదు. గోడ మందం అడుగున్నర నుంచి రెండడుగులు. తలెత్తితే టేకు దూలాలు, దించితే బండలు. ఇంకా పాట మొదలుకాకముందే తగాదా మొదలవుతుంది.

ఎలక్ట్రీషియన్ సాధారణంగా చెప్పే మొదటి మాట గాడి కొట్టేద్దామని. గోడలో కాలువలా చెక్కి, పైపు పెట్టి, సిమెంటు పూసేస్తే ఏమీ కనిపించదు. ఇటుక, సిమెంటుతో కట్టిన ఇంటికి ఇది సరిపోతుంది. డంగు సున్నంతో కట్టిన గోడ తీరు వేరు. సున్నం మెత్తనిది. తేమను పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు గట్టిది, తేమను అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. సున్నపు గోడలో సిమెంటు అతుకు పడితే తేమ ఆ అంచున చిక్కుకుంటుంది. నాలుగు వర్షాకాలాలు గడిచేసరికి అక్కడ ఉప్పు పొంగుతుంది, పెచ్చులు ఊడతాయి. చెట్టినాడు ఇళ్ళలో తెల్లసొన కలిపి అద్దంలా రుద్దిన పూతలాంటిదైతే ఒకసారి చెక్కాక మునుపటిలా అతికే పనివాడు దొరకడం కష్టం. మట్టితో కట్టిన గోడలకు సుత్తి దెబ్బల అదురే చాలు, లోపలి రాళ్ళు కదలడానికి.

కాస్త వెనక్కి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఇళ్ళలోకి కొత్త యంత్రం ఏది వచ్చినా గోడ పైనుంచే వచ్చింది. కరెంటు వచ్చినప్పుడు గోడల మీద టేకు చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద తీగలను క్లిప్పులతో బిగించారు. ఆ పట్టీలు చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. రేడియో వచ్చినప్పుడు గది ఈ మూల నుంచి ఆ మూలకు రాగి జాలీ ఏరియల్ కట్టారు. టెలిఫోన్ తీగ ద్వారబంధం పక్కనుంచి మేకుల మీదుగా నడిచింది. కేబుల్ టీవీ వెంటిలేటర్లోంచి దూరింది. వీటిలో కొన్ని అందంగా లేకపోవచ్చు. కానీ పని తీరాక ఊడదీస్తే గోడకు నాలుగు మేకు రంధ్రాలు తప్ప గాయం మిగలలేదు. స్పీకర్ల విషయంలోనూ ఈ పద్ధతే మేలు.

అయితే ఇవాళ ఎక్కువమంది తీగ గొడవే లేకుండా వైర్‌లెస్ స్పీకర్ల వైపు మొగ్గుతున్నారు. అద్దె ఇంట్లో ఉండేవారికి, ఒక్క గదికి పాట చాలనుకునేవారికి అది సరైన ఎంపికే. ఇల్లంతా స్పీకర్లు పెట్టాలనుకున్నప్పుడే చిక్కులు బయటపడతాయి. మొదటిది కరెంటు. వైర్‌లెస్ స్పీకర్‌కు పాట తెచ్చే తీగ ఉండదు గానీ, బ్యాటరీ రకం కాకపోతే కరెంటు తీగ ఉండాల్సిందే. పాత ఇంట్లో గదికి ఒకటో రెండో ప్లగ్గులుంటే గొప్ప. నాలుగు వైర్‌లెస్ స్పీకర్లు పెట్టాలంటే నాలుగు చోట్ల కొత్త సాకెట్లు కావాలి. అంటే తప్పించుకుందామనుకున్న వైరింగ్ పని మళ్ళీ మొదటికొచ్చినట్టే. పైగా ఈసారి వచ్చేది స్పీకర్ తీగ కాదు, 230 వోల్టుల తీగ.

రెండోది గోడ. బ్లూటూత్‌ను ప్రధానంగా ఒక గదిలోని దూరాలకే రూపొందించారు. రెండడుగుల గోడ అడ్డుపడితే పాట తెగుతూ వస్తుంది. వైఫై కొంత నయం. అందులోనూ 5 గిగాహెర్ట్జ్ తరంగాల కన్నా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను మెరుగ్గా దాటుతాయి. వానలకు నానిన గోడ అయితే ఆ తరంగాలను మరింతగా మింగేస్తుంది. వేసవిలో బాగా పనిచేసిన స్పీకర్ శ్రావణంలో మొరాయించడానికి ఇదొక కారణం కావచ్చు. దీనికి విరుగుడు కూడా ఇంటి ప్లానులోనే ఉంది. మండువా ఇంట్లో గదుల తలుపులన్నీ నడిమి వసారాలోకే తెరుచుకుంటాయి. రూటర్‌ను వీధి గదిలో మూలన పెట్టకుండా ఆ వసారాలో ఎత్తుగా, జల్లు తగలని చోట పెడితే తరంగాలు గోడలతో కుస్తీ పట్టకుండా ద్వారాల్లోంచే గదుల్లోకి వెళతాయి. అదనంగా మరో పెట్టె అవసరమైతే దాన్ని గాలిలో కలపడం కన్నా, తలుపు పైనుంచి ఒక సన్నటి నెట్‌వర్క్ కేబుల్‌తో కలపడం నమ్మకమైన పని. కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపే పరికరాలూ ఉన్నాయి. కానీ మూడు ఫేజుల కనెక్షన్‌లో గదులు వేర్వేరు ఫేజుల మీద ఉన్నా, ఇన్వర్టర్ రొద కలిసినా వాటి పనితీరు పడిపోతుంది.

మూడోది ఆయుష్షు. ఇది కొనేటప్పుడు షాపులో ఎవరూ చెప్పని సంగతి. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో అమ్మకాలు 2019లో ఆగిపోయాయి. 2025 మార్చిలో ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో పనిచేస్తున్న పరికరాలు ఒక్కసారిగా మొండికేశాయి. వాటిని సరిచేయడానికి కొన్ని రోజులు పట్టింది. లాజిటెక్ తన స్క్వీజ్‌బాక్స్ పరికరాలను 2012లో ఆపేసింది, వాటికి ఆధారమైన ఆన్‌లైన్ సేవను 2024లో మూసేసింది. ఇంటినిండా స్పీకర్లు అనే ఆలోచనను జనంలోకి తెచ్చిన సోనోస్ కూడా పాత పరికరాలకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోమని 2020 జనవరిలో ప్రకటించి, వినియోగదారుల ఆగ్రహం చూసి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. వందేళ్ళ గోడకు పదేళ్ళ పరికరం కోసం గాయం చేయడం ఎంత తెలివితక్కువో, ఇల్లంతటి ఏర్పాటునూ అలాంటి పరికరం మీదే నిలబెట్టడం కూడా అంతే. మరోవైపు, 1970ల నాటి మామూలు స్పీకర్ బాక్సు శంకువు అంచున ఉండే ఫోమ్ మార్చుకుంటే ఇవాళ్టి ఆంప్లిఫైయర్‌తో హాయిగా మోగుతుంది. దానికి సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి గడువూ లేదు.

అందుకే పాత ఇంటికి సరిపడే సూత్రం సులువైనది. గోడకు బిగించేవన్నీ మొద్దువి, కలకాలం ఉండేవి కావాలి. తెలివైన పెట్టె ఒక్కటే, అదీ తేలిగ్గా మార్చగలిగేది కావాలి. గదుల్లో మామూలు స్పీకర్లు, వాటికి రాగి తీగ, హాల్లో ఒక ఆంప్లిఫైయర్. ఫోన్లోంచి పాట అందుకునే చిన్న రిసీవర్ ఆ ఆంప్లిఫైయర్ పక్కనుంటుంది. పదేళ్ళకు అది మూలపడితే దాన్నొక్కదాన్నే పారేసి మరొకటి తెచ్చుకోవచ్చు. దీనివల్ల మరో మేలుంది. ఈ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటారు. తెల్లవారుజామున సుప్రభాతం వినడానికి ఎనభయ్యేళ్ళ మనిషి ఫోన్ తెరిచి, యాప్ వెతికి, పాస్‌వర్డ్ కొట్టాలంటే ఆ ఏర్పాటు ఆ మనిషిది కానట్టే. ఆంప్లిఫైయర్‌కు తిప్పే నాబ్ ఉంటుంది. రేడియో నాబ్ తిప్పిన చేతికి దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంటర్నెట్ పోయిన రోజున కూడా ట్యూనర్ ఉంటే ఎఫ్ఎం మోగుతుంది.

తీగ నడిపే దారులు పాత ఇంట్లో వెతికితే చాలానే దొరుకుతాయి. ద్వారబంధం పక్క అంచు, తలుపుల పైన ఉండే వెంటిలేటర్, దూలం పైభాగం, పెంకుటింట్లో వాసాల వెనక వైపు, అటక. అటక మీదుగా వెళితే తీగను పీవీసీ గొట్టంలో పెట్టాలి, ఎలుకలకు తీగ కవచమంటే మహా ప్రీతి. గోడ మీద నడవాల్సిన చోట కేసింగ్-కేపింగ్ పట్టీని నిలువుగా, మూలల వెంబడి బిగించి గోడ రంగే వేస్తే వారం తర్వాత ఎవరి కంటా పడదు. మేకు దెబ్బకు పెచ్చులూడే గోడ అయితే పట్టీని చెక్కకే బిగించాలి.

తీగ మందం లెక్క ఒక్కటి తెలుసుకుంటే చాలు. తీగ నిరోధం స్పీకర్ నిరోధంలో ఐదు శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్ల దూరం వరకు ఈ లెక్కలో ఇముడుతుంది. 25 మీటర్ల దాకా వెళ్ళాలంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. బజారులో చవగ్గా వచ్చే తీగల్లో కొన్నింటికి లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. వాటి నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. బ్లేడుతో గీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది.

గదులు ఐదారుంటే మరో చిక్కు వస్తుంది. నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లను పక్కపక్కన కలిపితే మొత్తం నిరోధం 2 ఓమ్‌లకు పడిపోతుంది. మామూలు ఆంప్లిఫైయర్ దాన్ని తట్టుకోలేదు. దీనికి పరిష్కారం మన గుళ్ళలో, బళ్ళలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తూనే ఉంది. మైక్‌సెట్లవాళ్ళు వాడే 100 వోల్టుల లైన్ పద్ధతి అది. ప్రతి స్పీకర్‌కూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 30 వాట్ల శక్తి 8 ఓమ్‌ల స్పీకర్‌కు నేరుగా వెళితే దాదాపు 2 ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. 100 వోల్టుల మీద అదే శక్తికి 0.3 ఆంపియర్ సరిపోతుంది. కాబట్టి సన్నటి జంట తీగ ఒక్కటే ఇల్లంతా చుట్టి రావచ్చు. దానికే ఎక్కడికక్కడ స్పీకర్లు తగిలించవచ్చు. అన్నీ కలిపి ఆంప్లిఫైయర్ వాట్లను దాటకుండా చూసుకుంటే చాలు. తీవ్రమైన శ్రోతలకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ మూలంగా మంద్రస్వరాలు కొంత పలచబడినట్టు అనిపించవచ్చు. వంటింటికి, వరండాకు అది సమస్య కాదు. 100 వోల్టులు ముట్టుకుంటే షాక్ కొడుతుంది కనుక అతుకులు మాత్రం మూసి ఉంచాలి.

ఎన్ని స్పీకర్లు కావాలన్నదానికి జవాబు ఇంటి ఎత్తు చెబుతుంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున్న గది 10 అడుగుల ఎత్తుంటే అందులో పట్టే గాలి 3,000 ఘనపుటడుగులు. పాత ఇంట్లో మాదిరి 14 అడుగుల ఎత్తుంటే 4,200. కింద బండలు, చుట్టూ నున్నటి సున్నం, పరుపులూ పరదాలూ తక్కువ. ధ్వని చాలాసేపు తిరుగుతూ ఉంటుంది, మాట మీద మాట పడుతుంది. హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1890లలో హాల్లోకి సీట్ల మెత్తలు మోయించి, తీయించి కొలిచి తేల్చిన సూత్రం ఇదే. గది పెద్దదయ్యేకొద్దీ ప్రతిధ్వని పెరుగుతుంది, మెత్తటి సామాను పెరిగేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల ఒక పెద్ద స్పీకర్‌ను గట్టిగా మోగించడం కన్నా నాలుగు చిన్నవాటిని మనిషికి దగ్గరగా, మెల్లగా మోగించడం మంచిది. మండువాకు పైకప్పు లేదని కూడా గుర్తుంచుకోవాలి. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45.

స్పీకర్ల కన్నా ముందు చూసుకోవాల్సింది మరొకటి ఉంది. చెక్క పట్టీల మీది పాత కరెంటు తీగలకు రబ్బరు, నూలు కవచాలుంటాయి. దశాబ్దాల వేడికి ఆ రబ్బరు ఎండి, కదిపితే పొడిగా రాలుతుంది. రెండు పిన్నుల సాకెట్లలో ఎర్త్ ఉండదు. అలాంటి సాకెట్‌కు ఆంప్లిఫైయర్ తగిలించి, దాని లోహపు పెట్టెను ఇంటిల్లిపాదీ ముట్టుకునే చోట పెట్టడం ప్రమాదం. కనీసం ఆంప్లిఫైయర్ ఉన్న చోటికైనా ఎర్త్ ఉన్న కొత్త లైను, మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. స్పీకర్ తీగను కరెంటు తీగలున్న పట్టీలో కలిపి వేయకూడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే స్పీకర్ల సంఖ్య తగ్గించుకోవచ్చు. ఈ పని మాత్రం వాయిదా వేయకూడదు.

తీగ కనిపిస్తుందన్న బెంగ ఎలాగూ ఉంటుంది. కానీ కనిపించే తీగకు ఒక సుగుణముంది. ఎక్కడ తెగిందో కంటికి తెలుస్తుంది, ఎవరైనా బాగుచేయగలరు, వద్దనుకుంటే ఊడదీయగలరు. రేపు ఈ ఇంటికి ఇంకేం యంత్రం వస్తుందో తెలియదు. అది వచ్చేసరికి గోడ చెక్కుచెదరకుండా ఉండటమే ముఖ్యం.