కూలి కోసం పుట్టిన ఆటలో మహిళల వాటా ఎంత?

2025 మార్చి 1న లాస్ వేగాస్‌లో జరిగిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ మహిళల రగ్బీ లీగ్ జట్టును ఆస్ట్రేలియా 90-4తో ఓడించింది. ఆ స్కోరు ఒక్కటే చూస్తే ఇంగ్లండ్ అమ్మాయిలకు ఆట రాదనిపిస్తుంది. కానీ 1996లో గ్రేట్ బ్రిటన్ మహిళలు తొలిసారి ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లి, అక్కడి జట్టును సొంత గడ్డ మీదే 2-1తో ఓడించి టెస్టు సిరీస్ గెలుచుకొచ్చారు. అప్పుడు రెండు జట్లలోనూ జీతం తీసుకుని ఆడినవారు లేరు. ముప్పై ఏళ్లు తిరగకుండానే ఇంత అంతరం రావడానికి కారణం ప్రతిభ కాదు, డబ్బు.

రగ్బీ లీగ్ విషయంలో ఈ మాట మరింత బలంగా అనాలి. ఎందుకంటే ఈ ఆట పుట్టిందే కూలి డబ్బుల గొడవలో. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో, జార్జ్ హోటల్‌లో సమావేశమైన క్లబ్బులు పాత రగ్బీ సంఘం నుంచి బయటికి వచ్చేశాయి. వాటి ఆటగాళ్లలో ఎక్కువమంది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం ఆడాలంటే పని మానాలి, మానితే కూలి పోతుంది. పోయిన కూలికి బదులు రోజుకు ఆరు షిల్లింగులు ఇస్తామని ఈ క్లబ్బులు అన్నాయి. ఆటకు డబ్బేమిటని లండన్ పెద్దలు కాదన్నారు. జట్టుకు 13 మందితో ఆడే రగ్బీ లీగ్ ఆ తగవులోంచే వచ్చింది. శ్రామికుడి పక్షాన ఇంత స్పష్టంగా నిలబడిన ఆటలు ప్రపంచంలో తక్కువ.

అదే న్యాయం ఆడవాళ్ల దాకా రాలేదు. 1921 సెప్టెంబరులో సిడ్నీలో మహిళలు రగ్బీ లీగ్ మ్యాచ్ ఆడితే ఇరవై వేల మందికి పైగా చూడటానికి వచ్చారు. మ్యాగీ మొలొనీ అనే అమ్మాయి ఆ ఒక్క మ్యాచ్‌లో నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు ఆనించి పాయింట్లు సాధించడం) చేసింది. జనం వచ్చారు, ఆటగత్తెలు ఉన్నారు. పురుషుల లీగ్ సంఘం అండే కరువైంది. ఆ ప్రయత్నం ఎక్కువ కాలం నిలవలేదు. మహిళల ఆటను ఎవరూ చూడరనే వాదన ఎంత బలహీనమో ఆనాటి ప్రేక్షకులే తేల్చారు.

ఇంగ్లండ్‌లో మహిళలు తమ దారి తామే వేసుకున్నారు. 1985లో మహిళల అమెచ్యూర్ రగ్బీ లీగ్ సంఘం ఏర్పడింది. యార్క్‌షైర్, లాంకషైర్ పట్టణాల జట్లు ఆ పోటీల్లో తలపడేవి. బ్రెండా డోబెక్, లీసా మెకింటోష్, శాలీ మిల్‌బర్న్ వంటివారు ఆ తరంలోనే ఎదిగారు. పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన, సెలవు రోజున మ్యాచ్. 1996 పర్యటనకు కావలసిన డబ్బు కూడా చాలావరకు వాళ్లే పోగుచేసుకున్నారు. ఆ ముగ్గురినీ రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చడానికి 2022 దాకా పట్టింది. అంతకుముందు అందులో మహిళ ఒక్కరూ లేరు. ఆ ఆలస్యాన్ని సమర్థించడం నాకు చేతకాదు.

తర్వాత మార్పులు వచ్చాయి. 2017లో నాలుగు జట్లతో మహిళల సూపర్ లీగ్ మొదలైంది. 2023 ఆగస్టులో మహిళల చాలెంజ్ కప్ ఫైనల్ తొలిసారి వెంబ్లీలో జరిగింది. సెయింట్ హెలెన్స్ 22-8తో లీడ్స్‌పై గెలిచింది. మ్యాచ్ డబ్బులు ఇవ్వడం కూడా ఒకటి రెండు క్లబ్బుల్లో ఆ ఏడాదే మొదలైంది. ఆస్ట్రేలియా ఈలోగా చాలా ముందుకు వెళ్లింది. అక్కడ 2018లో మహిళల జాతీయ లీగ్ ప్రారంభమైంది. 2023లో ఆటగత్తెల వేతనాలపై సమష్టి ఒప్పందం కుదిరింది. ఒకవైపు ఆటే ఉద్యోగం అవుతున్నవాళ్లు, మరోవైపు ఉద్యోగం ముగించుకుని మైదానానికి వచ్చేవాళ్లు. లాస్ వేగాస్ స్కోరులో కనిపించింది ఈ తేడానే.

మన మహిళా క్రికెట్ కూడా ఈ దారినే నడిచింది. 1973లో ఏర్పడిన మహిళా క్రికెట్ సంఘం చేతిలో డబ్బు లేక ఆటను ఈడ్చుకొచ్చింది. 2006లో బీసీసీఐ ఆ బాధ్యత తీసుకుంది. 2005 ప్రపంచ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లినా మ్యాచ్‌కు వెయ్యి రూపాయలే అందాయని హైదరాబాదీ మిథాలీ రాజ్ చెప్పారు. 2022 అక్టోబరులో బోర్డు మ్యాచ్ ఫీజులు పురుషులతో సమానం చేసింది. 2025 నవంబరులో మనవాళ్లు ప్రపంచ కప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. గెలుపుకు డబ్బొక్కటే చాలదు. కానీ డబ్బు లేక ఆట మానేసిన అమ్మాయిల పేర్లు ఏ స్కోరు బోర్డు మీదా ఉండవు.

ఇంగ్లండ్ రగ్బీ లీగ్ పాలకులు ముందుగా చేయవలసిన పని ఒకటుంది. ఆట కోసం పని మానుకున్న ప్రతి గంటకూ పోయిన వేతనాన్ని సూపర్ లీగ్ క్లబ్బులన్నీ మహిళలకు కట్టి తీరాలని నిబంధన పెట్టాలి. మగవాళ్ల కోసం ఈ కోరికతో విడిపోయి నిలబడిన ఆట, ఆడవాళ్లకు దాన్ని నిరాకరించడానికి ఏ కారణమూ చూపలేదు. మన జిల్లా కబడ్డీ, ఖోఖో పోటీలు నడిపే సంఘాలకూ నా విన్నపం ఇదే: కూలి మానుకుని వచ్చే అమ్మాయికి దారి ఖర్చుతో పాటు ఆ రోజు కూలి కూడా ఇవ్వండి.