వాస్తవ సంఖ్యల పాఠంతో పాటు క్రిప్టోగ్రఫీ పరిచయం: తీర్మానం

మండలంలోని ఉన్నత పాఠశాలల గణిత ఉపాధ్యాయుల సర్వసభ్య సమావేశం కింది తీర్మానాన్ని చర్చించి ఆమోదించింది.

పదో తరగతిలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతున్నాం, గసాభా, కసాగు లెక్కలు చేయించి ముందుకు పోతున్నాం. సంఖ్య పెద్దదైన కొద్దీ దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎంత కష్టమో పిల్లలకు తెలియనివ్వడం లేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతికి ఆ కష్టమే బలం. రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం క్షణంలో వస్తుంది. కానీ 2020లో 250 అంకెల లబ్ధం ఒకదాన్ని విడగొట్టడానికి, ఒక్క ప్రాసెసర్ కోర్ మీదైతే సుమారు 2,700 ఏళ్లు పట్టేంత గణన కావలసి వచ్చింది. ఇంత గొప్ప సంగతిని ఆ పాఠం పక్కనే ఉంచుకుని చెప్పకపోవడం పిల్లలకు అన్యాయమని ఈ సమావేశం భావిస్తోంది.

కావున పాఠం ముగియగానే నాలుగు పీరియడ్లు క్రిప్టోగ్రఫీ పరిచయానికి కేటాయించాలని తీర్మానించడమైనది.

మొదట పిల్లలు అక్షరాలను మార్చి రాసిన చీటీలను ఇచ్చిపుచ్చుకుని, ఎక్కువసార్లు వచ్చిన గుర్తును బట్టి ఛేదించాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ చూపిన దారి ఇదే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడదీసుకోవాలి గనుక తొందరపెట్టరాదు.

తర్వాత ప్రధాన సంఖ్యలు 3, 11 తీసుకుని, వాటి లబ్ధం 33తో ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని బోర్డు మీద చేసి చూపాలి. సందేశం 4 అనుకుందాం. దాని ఘనం 64, 33తో భాగిస్తే శేషం 31. అదే పంపుతాం. అందుకున్నవారు 31ని ఏడో ఘాతానికి హెచ్చించి 33తో భాగిస్తే శేషం మళ్లీ 4. ఇక్కడ 31కి బదులు -2 తీసుకోవచ్చని పిల్లలే కనిపెట్టే దాకా ఉపాధ్యాయుడు ఓపిక పట్టాలి. 7 ఎలా వచ్చిందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు 3, 11ల నుంచి ఒక్కొక్కటి తీసివేస్తే వచ్చే 2, 10ల లబ్ధం 20 అనీ, ఘనంలోని ఘాతం 3ను 7తో గుణించి 20తో భాగిస్తే శేషం 1 అనీ చూపాలి. 33 కారణాంకాలు తెలిసినవారికే ఆ 20 తెలుస్తుంది.

చిన్న సంఖ్యలతో కట్టిన ఇలాంటి సంకేతాలను నిజమైన రహస్యాలకు వాడరాదని స్పష్టంగా చెప్పాలి. ఈ పద్ధతికి ప్రధాన సంఖ్యలే ఆధారం గనుక, 2002లో కాన్పూర్ ఐఐటీలో ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చే వేగవంతమైన పద్ధతి కనుగొన్న ముగ్గురిలో నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించినవారన్న మాటా చెప్పాలి.

ఈ పీరియడ్లను తొమ్మిదో తరగతికి మార్చాలన్న సవరణ వీగిపోయింది. దీనిపై మార్కులు గానీ, బిట్లు గానీ ఉండవు. తీర్మాన ప్రతులను మండల విద్యాశాఖాధికారికి, ప్రధానోపాధ్యాయులందరికీ పంపవలెను.