చేపను చూసి పట్టే వేట కావాలి

1953లో చిలీ దేశంలోని ఇకీకే తీరాన లూ మారన్ అనే అమెరికన్ గాలంతో ఒక కత్తి చేపను పట్టాడు. దాని బరువు 536 కిలోలు. ఏడు దశాబ్దాలు దాటినా గాలపు వేటలో ఆ రికార్డు చెక్కుచెదరలేదు. కత్తి చేపల్లో ఆడవే అంత భారీగా పెరుగుతాయి, మగవి వాటి దరిదాపులకు కూడా రావు. ఇలాంటి చేప గురించి మాట వచ్చినప్పుడల్లా వేటగాడి బలం, తెగువ, తాడు గట్టితనం గురించే చెప్పుకుంటాం. కానీ అసలు అడగాల్సింది వేరే ఉంది. వేటగాడు ఆ చేపను చంపకముందు చూశాడా, చచ్చాక చూశాడా? ఈ జాతి బతుకు ఆ తేడా మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం.

ఇటలీ ప్రధాన భూభాగానికి, సిసిలీకి మధ్య ఉన్న మెస్సీనా జలసంధిలో చూసి కొట్టే వేట ప్రాచీన కాలం నుంచీ ఉంది. అక్కడి పడవ మీద 25 మీటర్లకు పైగా ఎత్తున ఇనుప స్తంభం ఉంటుంది. ఒక మనిషి దాని కొనన కూర్చుని, నీళ్లలో చేప నీడను వెతుకుతూ పడవను అక్కడి నుంచే నడుపుతాడు. పడవ ముందు నుంచి, పడవకన్నా పొడవైన సన్నని వంతెన సముద్రం మీదికి చాచుకుని ఉంటుంది. బల్లెం పట్టుకున్నవాడు దాని చివర నిలబడతాడు. ఇంజిను చప్పుడుకు చేప బెదిరేలోపే అతను దాని నెత్తిన ఉంటాడు. అమెరికా ఈశాన్య తీరంలోనూ, కెనడాలోని నోవా స్కోషియాలోనూ పద్ధతి ఇలాంటిదే. పగలు వందల మీటర్ల లోతున తిరిగే కత్తి చేప, చల్లటి నీళ్లున్న చోట ఎండ కాచుకోవడానికి అప్పుడప్పుడు పైకి తేలుతుంది. అప్పుడు కంచు ములికి గుచ్చుతారు. ములికికి కట్టిన తాడు, తాడు చివర పీపా చేపను అలసిపోయేదాకా వదలవు. పిల్ల చేప కనబడితే బల్లెం ఎత్తనే ఎత్తరు.

1960ల ఆరంభంలో అట్లాంటిక్‌లోకి లాంగ్‌లైన్ వచ్చింది. పదుల కిలోమీటర్ల తాడుకు వందల గాలాలు కట్టి, స్క్విడ్ ఎర గుచ్చి, మెరిసే రసాయన దీపాలు తగిలించి రాత్రంతా నీళ్లలో వదిలేస్తారు. గాలానికి ఏది పడిందో తెల్లవారి తాడు లాగితే గానీ తెలియదు. అప్పట్లో ఉత్తర అట్లాంటిక్‌లో దొరికే కత్తి చేప సగటు బరువు దాదాపు 120 కిలోలు. 1990ల మధ్యకల్లా అది 40 కిలోలకు పడిపోయింది. ఒక్కసారైనా గుడ్లు పెట్టని చేపలే పడవల్లోకి ఎక్కువగా చేరాయి. చిన్న చేపలను ఒడ్డుకు తేకూడదని నిబంధన పెట్టారు. అది ఫలించలేదు, ఫలించదు కూడా. గాలం మింగి రాత్రంతా వేలాడిన పిల్ల చేప పైకి వచ్చేసరికి చాలాసార్లు చచ్చే ఉంటుంది. చట్టం పాటించడమంటే ఆ శవాన్ని తిరిగి సముద్రంలో పారేయడమే.

ఉత్తర అట్లాంటిక్ నిల్వలు 2009 నాటికి కోలుకున్నాయి, లాంగ్‌లైన్లు మాత్రం ఆగలేదు, కాబట్టి తప్పు పద్ధతిది కాదు కదా అని కొందరు వాదిస్తారు. కోలుకున్న మాట నిజమే. అయితే దానికి దేశాల మధ్య కోటాలు తగ్గించడంతోపాటు, ఫ్లోరిడా పరిసరాల్లో పిల్ల చేపలు పెరిగే చోట్ల లాంగ్‌లైన్‌నే నిషేధించాల్సి వచ్చింది. 1998లో అమెరికా వంటగాళ్లు ఈ చేపను వండబోమని మొండికేశాకే ఆ కదలిక ఊపందుకుంది. పైగా కత్తి చేపల సంఖ్య పెరిగినంత మాత్రాన అదే తాడుకు చిక్కే తాబేళ్లకు ఒరిగేదేమీ లేదు. వాటి కోసమే హవాయిలో ఈ వేటను 2001లో ఆపేసి, వంకీ తిరిగిన గాలాలు, స్క్విడ్‌కు బదులు చేప ఎర వాడాలన్న షరతుతో 2004లో మళ్లీ అనుమతించారు.

బల్లెం వేట పెద్ద తల్లి చేపలనే చంపుతుంది కదా అన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ అంత పెరిగిన చేప అప్పటికే ఎన్నో ఏళ్లు గుడ్లు పెట్టి ఉంటుంది. పైగా నీటిపైకి తేలిన కొద్దిపాటి చేపలే బల్లేనికి అందుతాయి. లోతున ఉన్నవాటికి ఆ లోతే రక్ష. ఇక, ఇలా పట్టి ఎంతమందికి పెట్టగలం అంటారా? కాలిఫోర్నియా దానికి ఒక దారి చూపింది. అక్కడ కొద్దిపాటి బోయాలకు గాలాలు కట్టి, పగలే కత్తి చేప తిరిగే లోతుకు దింపుతారు. చేప ఎర పట్టగానే పైన బోయా కదిలి చెబుతుంది, మనిషి వెంటనే వెళ్లి లాగుతాడు. అక్కరలేనిది పడితే ప్రాణం ఉండగానే వదిలేయవచ్చు. 2023లో దీనికి పూర్తి అనుమతి వచ్చింది. రాశి తక్కువైనా తాజాదనానికి ధర ఎక్కువ పలుకుతోంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. విశాఖ నుంచి ట్యూనా కోసం వెళ్లే మన మత్స్యకారుల గాలాలకు కత్తి చేపలాంటి పొడవు ముక్కున్న కొమ్ముకోనాలు తగులుతూనే ఉంటాయి. కత్తి చేపల లెక్కలు చూసే హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్‌లో భారత్ సభ్యదేశం. లోతు సముద్రపు పడవలకు కేంద్రం రాయితీలు ఇస్తోంది. ఆ రాయితీ షరతుల్లో పడవ పొడవు, ఇంజిను శక్తి మాత్రమే రాస్తే చాలదు. ఎన్ని గాలాలు వేయవచ్చో, వాటిని ఎంతసేపు నీళ్లలో ఉంచవచ్చో కూడా రాయాలి.