తల అరువుదే, తలబిరుసు సొంతం

ఇండోనేషియా భాషలో తలని 'కెపాల' అంటారు. వినగానే మనకి కపాలం గుర్తొస్తుంది. కరెక్టే, రెండూ సంస్కృతం 'కపాల' నుంచే వచ్చాయి. సంస్కృతంలో అది పుర్రె, సముద్రం దాటాక మొత్తం తల అయిపోయింది. 'బాహు' కూడా అంతే. సంస్కృతంలో చెయ్యి, అక్కడ భుజం. 'ముఖ' అక్కడ 'ముక' అయింది. ముఖం ముందుంటుంది కదా, అందుకే అడ్వాన్సుగా ఇచ్చే డబ్బుని 'ఉవాంగ్ ముక' అంటారు.

ఇలాంటివి చూడగానే "చూశారా, మన మాటే వాళ్ళు వాడుతున్నారు" అని కాలర్ ఎగరేసేవాళ్ళు ఉంటారు. నాకది నచ్చదు. కపాలం మనకీ అరువే, మన సొంత మాట 'తల'. ఒకే కొట్లో ఇద్దరం అప్పు చేసి, పక్కవాడికి మనమే అప్పిచ్చినట్టు పోజు కొడితే ఎలా?

నాకు నచ్చిన విషయం వేరే ఉంది. తలకి వాళ్ళకీ ఒక పాత సొంత మాట ఉంది, 'హులు'. మామూలు మాటల్లో ఆ చోటు కెపాలకి వెళ్ళిపోయినా హులు చచ్చిపోలేదు. నదికి ఎగువ వైపుని ఇప్పటికీ హులు అంటారు. పశ్చిమ కాలిమంతాన్‌లో కపువాస్ నది ఎగువన ఉన్న జిల్లా పేరు కపువాస్ హులు. ముస్లిం పెళ్ళిళ్ళు జరిపించే అధికారిని 'పెంగ్‌హులు' అంటారు, అందులోనూ హులు ఉంది. మన సీఎస్ భాషలో చెప్పాలంటే డెప్రికేట్ చేశారు, డిలీట్ చెయ్యలేదు.

అరువు మాట చేత కూడా బాగా పని చేయించుకున్నారు. స్కూల్ హెడ్‌మాస్టర్ 'కెపాల సెకొలా'. సెకొలా పోర్చుగీసు నుంచి వచ్చింది. రెండు మాటల్లో ఒక్కటీ పుట్టుకతో వాళ్ళది కాదు. కానీ ముందు తల, తర్వాత బడి అనే ఆ వరుస వాళ్ళదే. మొండివాణ్ణి 'కెరాస్ కెపాల' అంటారు, అంటే గట్టి తల. మన తలబిరుసుకి దగ్గరి చుట్టం!

అందుకే తెలుగులో ఇంగ్లీషు కలిసిపోతోందని గోల పెట్టేవాళ్ళతో నేను పూర్తిగా ఒప్పుకోను. బస్సు, ఫోను వచ్చాయి, 'లు' తగిలించి బస్సులు, ఫోన్లు అని కలిపేసుకున్నాం. నా భయమల్లా పాత మాటల గురించే. ఇంగ్లీష్ మీడియం వాళ్ళం రిస్ట్, యాంకిల్ అంటున్నాం, సరే. మరి మణికట్టుకి, చీలమండకి ఏ పని ఇస్తున్నాం? "కణతలు లాగుతున్నాయిరా" అని అమ్మమ్మ అంటే, నొప్పి ఎక్కడో మనవడికి తెలియాలి కదా.