మేనేజరు మరిచిన సంగతులు

ఎమీలియో బాంకు మేనేజరు. ఒక జంట అప్పు కావాలని ఆయన దగ్గిరికి వచ్చింది. వాళ్లకు అప్పు ఇవ్వటం ఎందుకు కుదరదో ఎమీలియో ఎంతో మర్యాదగా చెప్పసాగాడు. ఎదుట ఉన్న మనిషి కొంతసేపు ఓపిక పట్టి, చివరకు విసుక్కున్నాడు. ఇది బాంకు కాదనీ, తాను ఆయన కొడుకుననీ, ముందు భోజనం కానివ్వమనీ అన్నాడు. నిజమే, అక్కడ ఆఫీసు లేదు. ఎమీలియో తన ఇంట్లోనే ఉన్నాడు. ఆయన బాంకు ఉద్యోగం మాని చాలా ఏళ్లయింది.

"అర్రుగాస్" అనే బొమ్మల సినిమా ఈ విధంగా మొదలవుతుంది. స్పానిష్ భాషలో ఆ మాటకు "ముడతలు" అని అర్థం. పాకో రోకా అనే స్పెయిను దేశపు చిత్రకారుడు తన స్నేహితుడి తండ్రికి జ్ఞాపకశక్తి పోవటం చూసి, ముసలివాళ్లుండే ఆశ్రమాలకు వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి, 2007లో ఈ కథను బొమ్మలతో పుస్తకంగా వేశాడు. 2008లో దానికి స్పెయిను ప్రభుత్వం జాతీయ బహుమతి ఇచ్చింది. 2011లో ఇగ్నాసియో ఫెర్రేరాస్ అనే దర్శకుడు దాన్ని సినిమాగా తీశాడు. మరుసటి ఏడు ఆ దేశంలో సినిమాలకిచ్చే గోయా బహుమతులు దీనికి రెండు వచ్చాయి.

బొమ్మల సినిమా అనగానే మాట్లాడే ఎలుకలూ, ఎగిరే ఏనుగులూ జ్ఞాపకం వస్తాయి. ఇందులో అవేమీ లేవు. ముఖ్యపాత్రలన్నీ నెరిసిన తలలే. తెర మీద సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. ఇటువంటి సినిమాలలో తరచు ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు చూపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెడతారు. అలా సరిపెట్టినా నిమిషానికి 720 బొమ్మలు కావాలి! ఎలుక గోడ మీది నుంచి దూకటం గీయటానికి అట్టే కష్టపడనవసరం లేదు. ఒక ముసలివాడు కుర్చీ చేతులు పట్టుకుని, ఒకసారి ఆగి, మెల్లిగా లేవటం గీయటమే అసలు కష్టం.

కొడుకు ఎమీలియోను ముసలివాళ్ల ఆశ్రమంలో చేర్చాడు. అక్కడ ఆయన గదిలో మిగేల్ అనే మరొక ముసలివాడున్నాడు. ఇతను అర్జెంటీనా దేశం నుంచి వచ్చినవాడు. పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. మాటకారి, పైగా కొంచెం టక్కరి కూడాను. ఒక ముసలమ్మ తన పిల్లలకు టెలిఫోను చెయ్యాలని రోజల్లా వెతుక్కుంటూ ఉంటే, ఫోను చూపిస్తానని ఆమె దగ్గిర డబ్బు తీసుకునేవాడు. ఎమీలియోకు ఇతని పద్ధతి ఎంత మాత్రమూ నచ్చలేదు. జీవితమంతా పైసా పైసాకు లెక్కలు రాసిన మనిషాయె!

ఆశ్రమంలో ఇంకా చిత్రమైనవాళ్లున్నారు. రొసారియో అనే ఆమె రోజంతా కిటికీ దగ్గిర కూచుంటుంది. ఆమె మటుకు తాను రైల్లో ఇస్తాంబులు పోతున్నాననుకుంటుంది. ఆంటోనియా అనే ఆమె భోజనాల బల్ల మీద ఇచ్చే చిన్న చిన్న వెన్న పొట్లాలూ, టీ పొట్లాలూ తినక, తాగక, మనమడు వచ్చినప్పుడు ఇద్దామని దాచిపెడుతుంది. పై అంతస్తులో తమ పని తాము చేసుకోలేనివాళ్లను ఉంచుతారు. ఆ మెట్లంటే కిందివాళ్లకు హడలు.

ఒకసారి మందుబిళ్లలు ఇచ్చేటప్పుడు చిన్న పొరపాటు జరిగింది. దానితో, మొదెస్తో అనే ఆయన వేసుకునే బిళ్లలే తానూ వేసుకుంటున్నట్టు ఎమీలియోకు తెలిసిపోయింది. మొదెస్తో ఎవరితోనూ మాట్లాడడు, ఎవరినీ గుర్తుపట్టడు. భార్య దొలోరెస్ ఆయనకు అన్నం తినిపిస్తుంది. ఎమీలియో గుండె జారిపోయింది.

ఈ జబ్బు పేరు అల్జైమర్. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో అలాయిస్ అల్జైమర్ అనే డాక్టరు వద్దకు ఆగస్టె అనే 51 ఏళ్ల స్త్రీని తెచ్చారు. డాక్టరు ఆమె పేరు అడిగితే "ఆగస్టె" అన్నది. భర్త పేరు అడిగితే దానికీ "ఆగస్టె" అనే చెప్పింది! ఆమె 1906లో చనిపోయాక డాక్టరు ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. కణాల మధ్య గడ్డకట్టిన మచ్చలూ, కణాల లోపల చిక్కుపడిన దారాల వంటివీ కనిపించాయి. అదే ఏడు నవంబరులో ఆయన ఈ సంగతి డాక్టర్ల సభలో చెబితే విన్నవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1910లో జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

మరి ఎమీలియో ఎన్నో ఏళ్లనాటి బాంకును మరవకుండా, ఎదుట ఉన్న భోజనాన్ని ఎలా మరిచాడు? మెదడులో రెండు పక్కలా, ఇంచుమించు చెవులకు ఎదురుగా లోపల, వంపు తిరిగిన చిన్న భాగం ఒకటి ఉన్నది. చూడటానికి సముద్రపు గుర్రం అనే చేపలాగా ఉంటుందని దానికి హిప్పోకాంపస్ అని ఆ చేప పేరే పెట్టారు. కొత్త సంగతులు జ్ఞాపకంగా మారటానికి అది ఉండి తీరాలి. బాంకులో ఏనాటి పద్దు ఆనాడు రాసే గుమాస్తా వంటిదన్న మాట. ఈ జబ్బు మొదట్లోనే ఆ గుమాస్తాను పట్టుకుంటుంది. అందుచేత ఇవాళ్టి పద్దు పుస్తకంలో పడదు. బీరువాలోని పాత పుస్తకాలు మాత్రం కొంతకాలం భద్రంగానే ఉంటాయి. అయితే చెదలు అక్కడితో ఆగవు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పాత పుస్తకాలలోకి కూడా పాకుతాయి.

కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతగారికి ఈ జబ్బు ఉన్నట్టు కాదు. అది అందరికీ ఉండే మతిమరుపే. కళ్లజోడు చేతికిచ్చినా అదేమిటో తెలియకపోతే డాక్టరుకు చూపించవలసిందే. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి ఇటువంటి మతిమరుపు జబ్బులున్నట్టు 2023లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వాటిలో అల్జైమరే ఎక్కువ. జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు, జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్లకు దాని వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది, అంతే.

ఎమీలియో జబ్బు పైకి తెలిస్తే పై అంతస్తుకు పంపేస్తారు. అందుకని మిగేల్ అతనికి సాయపడటం మొదలుపెట్టాడు. టక్కరితనం ఇక్కడ పనికివచ్చింది. అంతలో ఎమీలియోకు విలువగల వస్తువులు కొన్ని కనిపించకుండా పోయాయి. ఇంకెవరు తీస్తారు? మిగేలే దొంగ అన్నాడు ఎమీలియో.

ఇది ఈ సినిమాలోనే కాదు, ఈ జబ్బు ఉన్న ఇళ్లలో తరచు జరిగేదే. రోగి తన వస్తువును ఎవరూ తీయకుండా భద్రంగా దాస్తాడు. దాచిన సంగతి పద్దులో పడదు. కావలసినప్పుడు వస్తువు ఉండదు. ఆలోచించి చూస్తే అతనికి తోచే కారణం ఒక్కటే: ఎవరో ఎత్తుకుపోయారు. రాత్రింబగళ్లు దగ్గిర ఉండి చాకిరీ చేసేవాళ్ల మీదికే ఆ నింద పోతుంది. మీ ఇంట్లో మామ్మ, "నా డబ్బు నువ్వే తీశావురా!" అంటే మీకు ఏడుపు వస్తుంది. తీయలేదని ఒట్లు పెట్టుకున్నా లాభం లేదు. మామ్మతో కలిసి వెతకటమే మేలు. బియ్యపు డబ్బాలోనో, దిండు గలీబులోనో దొరకవచ్చు.

మొదెస్తో, దొలోరెస్‌ల సంగతి సినిమాలో కొద్దిసేపే వస్తుంది గాని, నాకు అన్నిటికన్న అదే నచ్చింది. చిన్నతనంలో మొదెస్తో తనతో స్నేహం చెయ్యమని అడిగితే, మబ్బును తెచ్చి ఇస్తే చేస్తానన్నది దొలోరెస్. వాడు ఆ పిల్లను చర్చి గంట ఉండే గోపురం మీదికి తీసుకుపోయాడు. తెల్లటి మబ్బు వచ్చి ఇద్దరినీ కమ్మేసింది. మోసగాడివన్నది ఆ పిల్ల నవ్వుతూ. ఇప్పుడు మొదెస్తోకు భార్య పేరైనా తెలియదు. కాని దొలోరెస్ ఆయన చెవిలో ఆ మాట అన్నదంటే చాలు, ఆయన మొహాన నవ్వు వస్తుంది.

ఇది ఉత్త కథ కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు ఈ జబ్బు గలవాళ్లకు కొన్ని దుఃఖపు సినిమా ముక్కలూ, కొన్ని సంతోషపు ముక్కలూ చూపించారు. కొద్దిసేపటికి చూసినదేమిటో వాళ్లు దాదాపు పూర్తిగా మరిచిపోయారు. అయినా ఆ దుఃఖమూ, ఆ సంతోషమూ మాత్రం వాళ్లను వదలలేదు. ఈ పరీక్ష ఫలితాలు 2014లో అచ్చయినాయి. ఆదివారం మీరు వెళ్లి కూచుని కబుర్లు చెప్పిన సంగతి తాతగారికి గంట తరవాత గుర్తుండకపోవచ్చు. ఆయన హుషారుగా ఉండటం చూసి ఇంట్లోవాళ్లు ఎందుకా అనుకుంటారు.

సినిమా చివర చెప్పకూడదంటారు. కాని ఇది ఏం జరుగుతుందోనని చూసే సినిమా కాదు గనక చెబుతాను. మిగేల్ ఒక కారు కొన్నాడు. మిగేల్, ఎమీలియో, ఆంటోనియా రాత్రివేళ ఎవరికీ చెప్పకుండా షికారు బయలుదేరారు. బండి నడిపినది ఎమీలియో! ప్రమాదం జరగనే జరిగింది. తరవాత ఎమీలియోను పై అంతస్తుకు పంపేశారు.

గదిలో మిగేల్ ఒంటరివాడైపోయాడు. అప్పుడు అతనికి ఎమీలియో వస్తువులు దొరికాయి. వాటిని ఎవరూ దొంగిలించలేదు. ఎమీలియోయే దాచి మరిచిపోయాడు. తాను దొంగ కాడని ఇప్పుడు మిగేల్ రుజువు చెయ్యగలడు. కాని ఎవరికి చెయ్యాలి? ఆ నింద వేసిన మనిషికి వేసినట్టే గుర్తులేదు.

మిగేల్‌కు జబ్బేమీ లేదు. ఆ మెట్లంటే అందరిలాగే అతనికీ భయమే. అయినా అతను తనకు తానై పై అంతస్తుకు వెళ్లి, ఎమీలియో పక్కన చోటు చేసుకుని, ఆయనకు భోజనం తినిపించసాగాడు.