తలరాత అనకండి

మొన్న మా చిల్లకల్లులో దగ్గరి బంధువు ఒకాయనకు తెల్లవారుజామున మూతి వంకరపోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మిరప రైతు. హైవే పక్కనే ఇల్లు, విజయవాడ గంటన్నర దారి. అయినా ముందు కబురు వెళ్లింది పావురాల కోసం. పావురాన్ని కోసి వేడి నెత్తురు భుజం నుంచి వేళ్ల దాకా పట్టించారు. సాయంత్రం పసరు పోశారు. మింగలేని మనిషికి పొలమారి ఊపిరాడలేదు. కారు తెస్తానంటే, "సూది పడితే పసరు పనిచెయ్యదురా, ఆగు" అన్నారు. ఆసుపత్రికి చేరింది మర్నాడు. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పడాలి. అంతకుముందు స్కాన్ తీసి, అడ్డుపడింది గడ్డో, రక్తనాళం చిట్లిందో చూడాలి. దెబ్బ తగిలింది మెదడుకైతే చేతికి నెత్తురు పూసి ఏం లాభం?

అంతా అయ్యాక "తలరాత" అన్నారు. మా నాయనమ్మ మంచాన పడ్డప్పుడు "ఏ జన్మ పాపమో" అని ఆమె ముందే అనేవాళ్లు. ఆమెకు మాట పోయింది, వినికిడి పోలేదు. పాపిష్టిదాన్నని నమ్మే కన్నుమూసింది. ఆ మాటలను నేను క్షమించలేను.

ఇది తలరాతా కాదు, పాపమూ కాదు; ముప్పును ముందే లెక్కకట్టొచ్చు. 1948 నుంచి అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో ఐదువేల పైచిలుకు మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో రాసుకున్నారు. ఆ లెక్కలతో 1991లో ఒక సూత్రం కట్టారు. వయసు, బీపీ, షుగరు, పొగతాగడం, గుండెజబ్బు, గుండె లయ చెబితే పదేళ్లలో పక్షవాతం వచ్చే అవకాశం నూటికెంతో తేలుతుంది. ఫలానా మనిషికి వచ్చి తీరుతుందని అది చెప్పదు, ఇలాంటివాళ్లు వందమందిలో ఎందరికో చెబుతుంది. బీపీ దించి, చుట్ట మానేస్తే ఆ అంకె తగ్గుతుంది. నుదుటిరాత ఇలా తగ్గుతుందా?

మన దగ్గరా పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లిచ్చి గుండెపోటు, పక్షవాతాల ముప్పును ఇంటింటా లెక్కకట్టించారు. ముప్పున్నవాళ్లు తేలారు గానీ బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లెక్క ఒక్కటే చాలదు, మాత్ర చేతికందాలి, రోజూ వేసుకోవాలి. ఒంట్లో బాగుందని మానేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఎవరు మానేశారో కనుక్కుని వాళ్ల గడప తొక్కమని జగ్గయ్యపేట, నందిగామ వైద్య సిబ్బందిని, మింగలేని రోగికి పసరు పోసేవాళ్లపై కేసు పెట్టమని పోలీసులను అడుగుతున్నాను.