ఉచిత శస్త్రచికిత్స ఉన్నా... గుర్తింపులోనే జాప్యం

పసిపిల్లల గుండె శస్త్రచికిత్సకు పేద తల్లిదండ్రులు అప్పులపాలు కావాల్సిన అవసరం తగ్గింది. 2007 ఏప్రిల్‌ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది. అయినా ఆపరేషన్‌ గడువు దాటాక ఆసుపత్రికి చేరే చిన్నారులు ఉంటున్నారు. చికిత్స కన్నా గుర్తింపే ఇప్పుడు అసలు సమస్య.

వెయ్యి మంది నవజాత శిశువుల్లో సుమారు ఎనిమిది మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం వీటిలో ముఖ్యమైనది. రంధ్రం పెద్దదైతే పాలు తాగేటప్పుడు ఆయాసం, చెమట, తరచూ నిమ్ము వస్తాయి. బిడ్డ బరువు పెరగదు. సాధారణ నిమ్ముగా భావించి మందులతో సరిపెడితే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం శాశ్వతంగా పెరిగిపోతుంది. ఆ దశలో రంధ్రం మూయడమే ప్రాణాపాయం. పై గదుల మధ్య రంధ్రమైతే పెద్దయ్యేవరకూ బయటపడకపోవచ్చు.

ఎకో పరీక్షే ఇందుకు కీలకం. ఇందులో రేడియేషన్‌ ఉండదు. రంధ్రం ఎక్కడ, ఎంత ఉన్నదీ తెరపై కనిపిస్తుంది. రక్తం ఎటు ప్రవహిస్తోందో, కవాటాలు లీకవుతున్నాయో కలర్‌ డాప్లర్‌ చూపుతుంది. గర్భస్థ శిశువుకు 18-22 వారాల మధ్య ఈ పరీక్ష చేయవచ్చు.

అంగన్‌వాడీలు, పాఠశాలల్లో పిల్లలను పరీక్షించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. అక్కడ కలిగిన అనుమానం వెంటనే ఎకో గదికి చేరాలి. యంత్రం ఒక్కటే చాలదు. పసిగుండె చిత్రాలను చదవగల వైద్యుడు జిల్లాలోనే ఉన్నప్పుడే ఉచిత చికిత్సకు సార్థకత.